లవంగాలు తగ్గించండి, సీసా మీద పేరు రాయండి

ప్రశ్న: సార్, మాది కావలి. నిరుడు రిటైరయ్యాను. రోజూ గడ్డం గీసుకునే అలవాటు మాత్రం పోలేదు. కాలక్షేపానికి ఏదో ఒకటి ఉండాలి కదా అని, బే రమ్ అనే మసాలా ఆఫ్టర్ షేవ్ గురించి చదివి ఇంట్లోనే చేద్దామని దిగాను. నల్ల రమ్ము ఫుల్ బాటిల్ తెచ్చి అందులో 50 గ్రాముల లవంగాలు, నాలుగు దాల్చిన చెక్కలు, ఆరు బిర్యానీ ఆకులు, పొదలకూరు నుంచి మా తోడల్లుడు పంపిన నిమ్మకాయల్లో పదింటి తొక్కలు వేసి మూడు నెలలు మిద్దె మీద ఎండలో పెట్టాను. వడకట్టి పన్నీరు కలపగానే కుడితి నీళ్ళలా మబ్బేసింది. రాసుకుంటే చెంపలు భగ్గుమంటున్నాయి. కాలర్లకు మరకలు. వాసన చూస్తే బిర్యానీ. మెడ పక్కన నల్లమచ్చ కూడా లేచింది. మా ఆవిడది కలిగిరి వైపు. రమ్ము సీసా చూసి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఎక్కడ తప్పు చేశాను? మందుల షాపులో దొరికే స్పిరిట్ వాడితే చవకగా పోతుందా? మాఘమాసంలో మా అబ్బాయి పెళ్ళి. వచ్చినవాళ్ళకు వంద చిన్న సీసాలు కానుకగా ఇద్దామని ఆశ. ఇవ్వొచ్చా?

సమాధానం: ముందుగా ఆ సీసాను మొహానికి రాయడం ఇవాళే ఆపేయండి. మిగతాది తాపీగా మాట్లాడుకుందాం.

మీరు చేసింది ఆఫ్టర్ షేవ్ కాదు, లవంగాల ఊరగాయ. తిడుతున్నానని అనుకోకండి, నేనూ అక్కడి నుంచే మొదలుపెట్టాను. కొన్నేళ్ళ కిందట నా మొదటి సీసా తయారైన రోజు మహా సంబరంగా రెండు చెంపలకూ పట్టించి నెల్లూరు నుంచి ఒంగోలు బస్సెక్కాను. పక్క సీటు పెద్దాయన కాసేపు నా వైపు చూసి, ఇంకాసేపు కిటికీలోంచి చూసి, ఆగలేక అడిగేశాడు: "పంటి నొప్పా సార్? పీకించేశారా?" నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. లవంగం వాసనకు మూలం యూజెనాల్ అనే పదార్థం. పంటి డాక్టర్లు తాత్కాలికంగా పన్ను పూడ్చే మందులో వాడేదీ అదే. పుట్టి బుద్ధెరిగిన ప్రతివాడికీ ఆ వాసన అంటే డెంటిస్టు కుర్చీయే గుర్తొస్తుంది. మీది బిర్యానీ దగ్గర ఆగింది, నాకంటే మీరే నయం.

ఇప్పుడు లెక్క చూడండి. ఎండిన లవంగంలో ఇంచుమించు 15 శాతం నూనె ఉంటుంది. 50 గ్రాముల లవంగాల్లో ఏడు గ్రాములకు పైనే. 750 మిల్లీలీటర్ల రమ్ములోకి మూడు నెలల్లో అది చాలావరకు దిగిందనుకుంటే ఒక శాతం దాకా వచ్చేసింది. ఒంటికి రాసుకునే వాటిలో లవంగ నూనె అర శాతం దాటకూడదని పరిమళ తైలాల భద్రత గురించి రాసేవాళ్ళు చెబుతారు. అదీ మామూలు చర్మానికి. అప్పుడే బ్లేడు తిరిగిన చెంప మామూలు చర్మం కాదు, పైపొర గీసుకుపోయి ఉంటుంది. దాని మీద రెట్టింపు మోతాదు పడితే భగ్గుమనక చల్లగా ఉంటుందా? దాల్చిన చెక్క ఇంకా మొండిది. దాని నూనెకు చెప్పే హద్దు 0.07 శాతం. అంటే వంద మిల్లీలీటర్లకు ఒక చుక్క. ఇలాంటి వాటితో వచ్చే మంట పూట గడిస్తే పోతుంది కానీ, చర్మం ఒకసారి వాటి మీద అలర్జీ పెంచుకుంటే అది జన్మకు వదలదు. ఆ తర్వాత టూత్‌పేస్టులో ఉన్న లవంగానికి కూడా పెదాలు దద్దుర్లెక్కేవాళ్ళున్నారు.

మచ్చ సంగతి. దీనికి కారణం మసాలాలు కావు, మీ తోడల్లుడు ప్రేమగా పంపిన నిమ్మకాయలు. నిమ్మతొక్కలో ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే ఒకటి రెండు రోజులకు ఎర్రగా కాలినట్టయి, తర్వాత నల్లమచ్చగా మిగులుతుంది. ఒక్కోసారి వారాలు, నెలలు పడుతుంది పోవడానికి. మీరు పొద్దున్నే రాసుకుని కావలి ఎండలో బజారుకెళ్ళి ఉంటారు. మెడ పక్కన ఎక్కువ పడ్డచోట ముద్ర పడింది. కొన్నాళ్ళు ఆ చోటికి ఎండ తగలకుండా చూసుకోండి. మచ్చ పెరిగినా, దురద పెట్టినా, ఆకారం మారినా చర్మం డాక్టరుకు చూపించండి, నా జవాబుతో సరిపెట్టుకోకండి.

నిమ్మ బదులు కమలాపండు తొక్క వాడండి. దానికి ఈ ఎండ బెడద లేదు. తొక్కలో పైన నారింజ రంగు పొర మాత్రమే చాకుతో పల్చగా తీయాలి. లోపలి తెల్లటి పొర వాసన ఇవ్వదు.

ఇక బిర్యానీ ఆకు. మీరొక్కరే కాదు, ఈ పని మొదలుపెట్టే మనవాళ్ళంతా బోల్తా పడేది ఇక్కడే. బే రమ్ పుట్టింది కరీబియన్ దీవుల్లో. అప్పట్లో డెన్మార్కు ఏలుబడిలో ఉన్న సెయింట్ థామస్ దీవికి 1838లో ఆల్బర్ట్ రీసె అనే డేనిష్ ఫార్మసిస్టు వచ్చి మందుల దుకాణం పెట్టాడు. ఆయన తయారీతోనే బే రమ్‌కు దేశదేశాల్లో పేరొచ్చింది. అక్కడి చెట్టు పిమెంటా రాసిమోసా. దాని ఆకు నలిపితే లవంగం వాసన. ఇంగ్లిషులో 'బే' అనే పేరున్న ఆకు ఇంకొకటుంది, యూరపు వంటల్లో వేసేది. మన అంగళ్ళలో బిర్యానీ ఆకు అని అమ్మేది మూడోది, దాల్చినచెక్క చెట్టుకు చుట్టం. మీ వంటింట్లో ఉన్న ఆకును వెలుతురుకు పట్టి చూడండి. తొడిమ నుంచి కొస దాకా మూడు ఈనెలు పొడుగునా పక్కపక్కనే పోతుంటాయి. యూరపు ఆకుకైతే నడిమి ఈనె ఒకటే, దాని నుంచి పక్కలకు చిన్నవి చీలతాయి. మూడు ఈనెలు కనబడితే అది మన పలావు ఆకు, దాని వాసన దాల్చినచెక్క వైపే లాగుతుంది. మీరు ఆరు వేశారు, పైగా నాలుగు చెక్కలు. బిర్యానీ కాక ఇంకేమొస్తుంది?

అసలు ఆకు మనకు సులువుగా దొరకదు. దొరకలేదని బాధపడక్కర్లేదు. ఆ చెట్టుకు అక్కచెల్లెలి వరసయ్యే చెట్టు కాయలు ఆల్‌స్పైస్ పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చూడ్డానికి బాగా లావెక్కిన మిరియాల్లా ఉంటాయి. లవంగం, చెక్క, జాజికాయ మూడూ కలిసినట్టు వాసన. వాటికి నాలుగు లవంగాలు తోడైతే బే రమ్‌కు దగ్గర్లోకి వస్తుంది. అచ్చంగా అదే కావాలన్న పంతం నాకైతే లేదు. మన వట్టివేళ్ళు నాలుగు పోగులు వేసి చూడండి. రాసుకున్న గంట తర్వాత, మసాలా వాసనలు ఎగిరిపోయాక, కుండలో నీళ్ళు పోసినప్పటి చల్లదనం లాంటిదొకటి చెంప మీద మిగులుతుంది. ఆ దీవులవాళ్ళకు లేని సుఖం.

కుడితి నీళ్ళ సంగతి చెప్పాలి, ఎందుకంటే అక్కడ మీ తప్పేమీ లేదు. మసాలా నూనెలు ఆల్కహాల్లో కరుగుతాయి, నీళ్ళలో కరగవు. ఆల్కహాల్ ఎక్కువున్నంతసేపు అవి కంటికి కనబడకుండా దాక్కుంటాయి. మీరు పన్నీరు పోసిన క్షణాన నీటి పాలు పెరిగి, నూనె అంతా సన్నటి బొట్లుగా విడివడి బయటికొచ్చింది. వెలుతురు ఆ బొట్ల మీద పడి చెదిరిపోతే మనకు మబ్బుగా కనబడుతుంది. అంటే మీ సీసాలో మోయగలిగినదానికంటే ఎక్కువ నూనె ఉందని ఆ మబ్బే చాటి చెప్పింది. మసాలా తక్కువ వేసినప్పుడు, పన్నీరు ఒక్కసారి గుమ్మరించకుండా చెంచా చెంచాగా పోస్తూ కలిపినప్పుడు దాదాపు తేటగానే ఉంటుంది. ఏ చెంచాకు మసకబారడం మొదలైందో అక్కడ ఆపేయడమే.

కాలర్ల మరకలకు సగం కారణం నల్ల రమ్ములో కలిపే కాల్చిన చక్కెర రంగు, సగం లవంగాల్లోంచి దిగే వగరు. తెల్ల రమ్ము గానీ వోడ్కా గానీ తీసుకోండి. రెండింట్లోనూ మన దగ్గర సీసా మీద 42.8 శాతం అని రాసి ఉంటుంది. అది చాలు. బే రమ్ అన్న పేరులో రమ్ ఉంది కదా అని రమ్మే పోయాలనేమీ లేదు.

ఈసారి ఫుల్ బాటిల్ జోలికి పోకండి. ఒక క్వార్టర్, అంటే 180 మిల్లీలీటర్ల వోడ్కాతో మొదలుపెట్టండి. ఎనిమిది లవంగాలు. లెక్కబెట్టి ఎనిమిది, గుప్పెడు కాదు. ఆల్‌స్పైస్ దొరికితే ఒక ఆరు గింజలేసి లవంగాలను నాలుగుకు దించండి. రెండు యాలకులు, తొక్క చీల్చి. అర కమలాపండు పైతొక్క. వట్టివేళ్ళు చిటికెడు, ముందు కడిగి నీడలో ఆరబెట్టి. అన్నిటినీ రోట్లో కచ్చాపచ్చాగా నలపండి, పొడి చేయొద్దు. పొడి చేస్తే వడకట్టడానికి మీ ప్రాణం పోతుంది. గాజు సీసాలో వేసి, మూత బిగించి, బట్టల బీరువాలాంటి చీకటి చోట పెట్టండి. రోజుకోసారి ఊపండి. నాలుగో రోజు పొద్దున చిటికెన వేలి గోరంత దాల్చినచెక్క వేసి, ఐదో రోజు పొద్దున మొత్తం వడకట్టేయండి. మూడు నెలలు కాదు, ఐదు రోజులు. మొదటి రెండు మూడు రోజుల్లోనే మంచి వాసన దిగిపోతుంది. ఆ తర్వాత వచ్చేది ఎక్కువగా వగరూ రంగూ.

వడకట్టడానికి ముందు పాత మల్లు పంచె గుడ్డ, తర్వాత కాఫీ ఫిల్టర్ కాగితం. కాగితంలోంచి బొట్టు బొట్టుగా దిగడానికి గంట పడుతుంది. పిండొద్దు. పిండితే అడుగున మడ్డి చేరి, నాలుగు రోజులకు సీసా ఊపినప్పుడల్లా పైకి లేస్తుంది. తేరిన నీరు పాలు లేని పల్చటి టీ రంగులో ఉండాలి. అందులో ఒక చెంచా గ్లిజరిన్ కలపండి. అది మందుల షాపులో దొరుకుతుంది. ఆల్కహాల్ చర్మాన్ని ఎండగడుతుంది, గ్లిజరిన్ ఆ తడిని నిలబెడుతుంది. రెండు చెంచాలైతే మన ఉక్కపోతకు మొహం జిడ్డోడుతుంది. ఆఖర్న 30 మిల్లీలీటర్ల వరకు పన్నీరు, పైన చెప్పినట్టు చెంచా చెంచాగా. అన్నీ కలిశాక ఆల్కహాల్ 36 శాతం దగ్గర నిలుస్తుంది. బూజు పట్టకుండా ఉండటానికి అది సరిపోతుంది. ఇంకా నీళ్ళు కలిపి పెంచుదామని చూడకండి.

36 శాతంతో చిన్న గాట్లకు క్రిములు చస్తాయన్న భ్రమ మాత్రం పెట్టుకోవద్దు. క్రిములను చంపాలంటే 60, 70 శాతం ఆల్కహాల్ ఉండాలి. గాటు పడితే నీళ్ళతో కడిగి, సెలూన్లో వాడే పటిక రాయి రుద్దుకోండి, నెత్తురు ఆగుతుంది. ఆ పటికనే సీసాలో వేసేస్తే పోలా అని మీకు తప్పకుండా తోస్తుంది, నాకూ తోచింది. పటిక ఆల్కహాల్లో కరగదు. పొడి కొట్టి పోస్తే ఇసుకలా అడుగున కూచుంది, రెండు రోజులు ఊపీ ఊపీ చెయ్యి నొప్పెట్టి వదిలేశాను. పటిక పటికే, ఆఫ్టర్ షేవ్ ఆఫ్టర్ షేవే. ముందు అది, కడుక్కుని ఆరాక ఇది.

తయారయ్యాక తిన్నగా మొహానికి పోకండి. మోచేతి మడత లోపల రెండు చుక్కలు, రోజుకు రెండుసార్లు, వారం పాటు రాసి చూడండి. ఎరుపు, దురద లేకపోతే అప్పుడు చెంప. ఇప్పుడు మండి ఉన్న చర్మం పూర్తిగా సర్దుకున్నాకే ఈ పరీక్ష కూడా.

ఎండలో పెట్టడం గురించి ఒక్క మాట. ఆవకాయకు ఎండ మంచిది, దీనికి కాదు. 40 శాతం ఆల్కహాల్ ఆవిరి 26 డిగ్రీల వేడికే నిప్పు అందుకుంటుంది. నెల్లూరు జిల్లాలో 26 డిగ్రీలంటే చలికాలం. మే నెల మిద్దె మీద మూత వదులైన సీసా, పక్కన ఎవరో బీడీ వెలిగిస్తే ఏమయ్యేదో ఊహించుకోండి. గ్యాస్ పొయ్యికీ, దేవుడి దీపానికీ దూరంగా ఉంచండి.

స్పిరిట్ ప్రశ్నకు నా జవాబు వద్దనే. సర్జికల్ స్పిరిట్ సూది గుచ్చేముందు తుడవడానికి. దాని ఘాటులో మీ మసాలాల వాసన ఏదీ బతకదు, మొహం గవ్వలా ఎండిపోతుంది. పెయింట్ల షాపులో చవకగా అమ్మే స్పిరిట్, థిన్నర్ అయితే ఆ మాటే తలవకండి. వాటిలో మిథనాల్ ఉండొచ్చు. అది తాగితే చూపూ ప్రాణమూ తీసే విషం. ఒంటికి రాసినా చర్మంలోంచి లోపలికి పోతుంది. ఇంట్లో బట్టీ పెట్టి ఆల్కహాల్ తీద్దామనుకుంటే పోలీసులు వస్తారు.

ఇక్కడే మీ ఆవిడ దగ్గరికి వస్తాను. కలిగిరి వైపు ఆడబిడ్డ ఇంట్లో చెప్పాపెట్టకుండా ఫుల్ బాటిల్ పెట్టి, రెండు రోజులే మాట్లాడలేదని ఫిర్యాదు చేస్తున్నారా? దూబగుంట ఆ మండలంలోదే కదా. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్ళు సారా అంగడి మూయించిన కబురు ఊరూరా పాకి, 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం దాకా, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా వెళ్ళింది. ఆ పోరాటంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు విని పెరిగినవాళ్ళకు సీసా కనబడితే ముందు సీసాయే కనబడుతుంది, అందులో లవంగాలు తర్వాత. ఆమెకు కోపం రావడం న్యాయం. మీరు దాచిపెట్టి చేయడం తప్పు.

ఇంకో కారణం కూడా ఉంది. 2020 జూలై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూసి ఉన్న రోజుల్లో శానిటైజర్ తాగి పది మందికి పైగా చనిపోయారు. 2016 డిసెంబరులో రష్యాలోని ఇర్కుట్స్‌క్‌లో స్నానానికి వాడే లోషన్ తాగి 70 మందికి పైగా పోయారు, అందులో మిథనాల్ ఉంది. అమెరికాలో మద్యనిషేధం నడిచిన రోజుల్లో బే రమ్ సీసాలనే తాగేవాళ్ళుండేవారు. తాగేవాడు సీసా మీద ఏం రాసుందో చదవడు, నిజమే. కానీ ఇంటికొచ్చిన మనవడు, పనిమనిషి, చుట్టపు పిల్లోడు చదువుతారు. కాబట్టి వోడ్కా సీసాలోనే ఆఫ్టర్ షేవ్ ఉంచకండి. కూల్‌డ్రింక్ సీసాలో అసలే వద్దు. చిన్న గాజు సీసా, పెద్ద తెలుగు అక్షరాలతో చీటీ: గడ్డానికి మాత్రమే, తాగరాదు, చేసిన తేదీ ఫలానా.

పెళ్ళికి వంద సీసాలు. మీ ఉత్సాహం చూస్తే కాదనడానికి మనసొప్పడం లేదు, కానీ కాదు. వంద సీసాలంటే వంద రకాల చర్మాలు. మీ మోచేతి మీద చేసిన పరీక్ష మీ వియ్యంకుడి చెంపకు పనికిరాదు. పెళ్ళయిన మూడో రోజు ఆయన మొహం కందిపోయి ఫోన్ చేస్తే మీ అబ్బాయి సంసారం ఎలా మొదలవుతుందో ఆలోచించండి. వంద సీసాలకు సరిపడా మద్యం ఇంట్లో పోగేయడం ఎక్సైజు వాళ్ళతో ఇంకో తలనొప్పి. రేపు ఎవరైనా బాగుందని డబ్బిస్తామన్నా అమ్మకండి. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం లైసెన్సు లేకుండా ఇలాంటివి తయారుచేసి అమ్మకూడదు. రోజూ గడ్డం గీసుకునే స్నేహితులు నలుగురుంటే, అందులో ఏమేముందో చెప్పి, ముందు మోచేతికి రాసి చూసుకోమని చెప్పి, తలా ఒక చిన్న సీసా ఇవ్వండి. పెళ్ళికొచ్చినవాళ్ళకు కావాలంటే వట్టివేళ్ళ కట్టలు గుడ్డసంచుల్లో పెట్టి ఇవ్వొచ్చు, బీరువాలో చీరల మధ్య ఏడాది వాసనొస్తుంది, ఎవరి చర్మానికీ హాని లేదు.

ఇప్పుడున్న మూడొంతుల సీసాను ఏం చేయాలని కదా మీ బాధ. దాన్ని నీళ్ళు కలిపి పల్చన చేసినా మొహానికి పనికిరాదు, నిమ్మ అందులోనే ఉంటుంది. ఇల్లు తుడిచే బకెట్ నీళ్ళలో రెండు మూతలు పోయండి. వరండా అంతా లవంగం వాసన, ఈగలు కూడా కొంత వెనక్కి తగ్గుతాయి. కొత్త సీసాకు మాత్రం ఆ చీటీ మీరు రాయకండి. మీ ఆవిడ చేత రాయించండి.